గుర్తులక్క సాక్ష్యం

మా మేడ కింద లాండ్రీ నడిపిన ఆవిడకు కన్నవారు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. ఆ పేరుతో ఆమెను పిలిచినవారిని మాత్రం నేను చూడలేదు. పిల్లలకూ పెద్దలకూ ఆమె గుర్తులక్క. ఆమెకంటే పదిహేనేళ్ళు పెద్దవాణ్ణయిన నేను కూడా అక్క అనే అనేవాణ్ణి. వరుస వయసును బట్టి కాక మనసులోని మన్ననను బట్టి ఏర్పడటం మన భాషకున్న సొగసుల్లో ఒకటని తరగతిలో చెబుతూ ఉండేవాణ్ణి. దానికి ఉదాహరణ నా గుమ్మం కిందే ఉందని అప్పట్లో తోచలేదు.

ఆ పేరు ఆమెకు పనివల్ల వచ్చింది. లాండ్రీకి కొత్తగా ఏ బట్ట వచ్చినా, తడపకముందే, దాని కింది అంచు లోపలివైపు ఆ ఇంటి గుర్తును ఎర్రదారంతో కుట్టేది. ఒక నిలువు కుట్టు, పక్కన రెండు చుక్కలు ఉంటే అది మా మేడ మూడో అంతస్తువారిది. రెండు అడ్డ కుట్లు నావి. అలాంటి నూట ఎనభై ఇళ్ళ గుర్తులు ఆమె తలలో ఉండేవి తప్ప ఏ కాగితం మీదా ఉండేవి కావు. ఆమెకు చదువు రాదని వీధిలో అందరూ అనేవారు. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. నూట ఎనభై సంకేతాలను తానే కల్పించి, ఒకదానితో ఒకటి కలవకుండా పన్నెండేళ్ళు రాసి, వాటిని వేళ్ళతో తడిమి చదివిన మనిషిని నిరక్షరాస్యురాలనడానికి నాకు నోరు రాదు.

ఉతికిన బట్టలను ఇళ్ళవారీగా వేరుచేసేటప్పుడు ఆమె బట్ట వంక చూసేదే కాదు. అంచు తిప్పి, బొటనవేలితో గుర్తును తడిమి, ఆ ఇంటి మూటలోకి విసిరేది. చేతులు ఆ పని చేస్తూంటే నోరు భర్తతో పోట్లాడుతూ ఉండేది. ఇస్త్రీ ఆయన పని. బక్కపలచని మనిషి. పెట్టె బరువుకు ఎడమ భుజం కిందికి ఒరిగిపోయింది. ఎవరి చొక్కా చేతికి వస్తే వారి మీద ఒక ఛలోక్తి విసరనిదే దాన్ని మడత పెట్టేవాడు కాదు.

“ఈ మాస్టారి చొక్కా చూడవే, జేబు నిండా సుద్దపొడి. రిటైరై మూడేళ్ళయినా ఇంకా ఎవరికి పాఠం చెబుతున్నారో!”

“గోడలకి. నీకంటే బుద్ధిగా వింటాయి. నువ్వు ఆ కాలరు చూసుకో, మాడుతోంది.”

ఈ సంభాషణ నా ఎదుటే జరిగేది. రోజూ పొద్దున ఆ దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని పేపరు చదవడం నాకు అలవాటు. నన్ను ఆటపట్టించడం వాళ్ళకు అలవాటు.

గుర్తు లేని బట్టలు కూడా కొన్ని వచ్చేవి. అవన్నీ భవనానివి.

భవనమంటే ఊరి మధ్యనున్న ఎనిమిదంతస్తుల ప్రభుత్వ కట్టడం. బోర్డు మీద ‘నమోదు కార్యాలయం’ అని ఉంటుంది. ఏం నమోదు చేస్తారో అడిగినవారు లేరు. ప్రతి సోమవారం పొద్దున అక్కడి వ్యాను వచ్చి దుప్పట్లు, కిటికీ తెరలు, సిబ్బంది చొక్కాలు మూటగట్టి దించేది. ఒప్పందంలో రెండు షరతులు ఉండేవి. సర్కారు బట్టల మీద గుర్తు కుట్టకూడదు. వాటిని పరాయి బట్టలతో కలిపి ఉతకకూడదు. మొదటిది గుర్తులక్క పాటించింది. రెండోది పాటించలేకపోయింది. మా వీధికి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి, అవీ రెండు గంటలే. అందుకని ఏ మూటకు ఆ మూట విప్పి, కాలర్లకూ ముంజేతులకూ సబ్బు పట్టించాక, తెల్లవన్నీ ఒక తొట్టెలో, రంగువన్నీ ఇంకో తొట్టెలో కలిపేసేది. కలిసినా నష్టం లేదని ఆమె ధీమా. ఉతికాక గుర్తున్నవి ఇళ్ళకు పోతాయి, గుర్తు లేనివి భవనానికి పోతాయి. పన్నెండేళ్ళలో ఒక్క చేతిరుమాలు కూడా దారి తప్పలేదు.

మూడో అంతస్తులో ఉండే ఆయన లిఫ్టు మెకానిక్. భవనంలోని రెండు లిఫ్టులను నెలకోసారి చూసి, నూనె పెట్టి రావడం ఆయన పనుల్లో ఒకటి. నెమ్మదస్తుడు. యంత్రాల సంగతి తప్ప మరో సంగతి ఎత్తడు. ఒకరోజు వీధి మొగలో టీ తాగుతూ, తన పనిలోని వింత చెబుతున్నట్టుగా, “ఆ భవనం లిఫ్టులో బొత్తాలు ఎనిమిదే ఉన్నాయండీ, తాడు మాత్రం పదంతస్తులకు సరిపడా ఉంది,” అన్నాడు. కొందరు నవ్వారు. కొందరు గ్లాసులు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయారు. నేల కింద రెండు అంతస్తులు ఉన్నాయనీ, తప్పిపోయినవాళ్ళు అక్కడ ఉంటారనీ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. దాన్ని కొలతతో సహా చెప్పినవాడు మాత్రం ఆయనొక్కడే. మూడో రోజు పొద్దున లేత నీలం చొక్కా తొడుక్కుని పనికి వెళ్ళాడు. తిరిగి రాలేదు.

ఆయన భార్య చిన్న వయసు మనిషి. మొదటి వారం ఆసుపత్రుల చుట్టూ తిరిగింది, రెండో వారం భవనం గేటు ముందు నిలబడింది. చివరకు ఒక కాగితం ఇచ్చారు. దాన్ని చదివి పెట్టమని నా దగ్గరకు తెచ్చింది. ‘సదరు వ్యక్తి ఈ కార్యాలయమునకు తీసుకురాబడలేదు.’ ఒక్కటే వాక్యం. తెలుగులో మనం సహజంగా అలా మాట్లాడం. ‘మేం తీసుకురాలేదు’ అంటాం. పిల్లలు అలా రాస్తే ఎర్రసిరాతో గీత కొట్టి, ఎవరు తీసుకురాలేదో చెప్పరా అని పక్కన రాసేవాణ్ణి. ముప్పైరెండేళ్ళు దాన్ని శైలీదోషమని మాత్రమే అనుకున్నాను. మనిషి దాక్కోవడానికి అందులో ఎంత చోటుందో ఆ కాగితం చూసిన రోజున తెలిసింది.

ఆయన వెళ్ళిన ఇరవై రెండో రోజు సోమవారం. వ్యాను వచ్చి వెళ్ళింది. గుర్తులక్క భవనం మూట విప్పి, పీట మీద కూర్చుని కాలర్లకు సబ్బు పట్టిస్తోంది.

“అబ్బబ్బ! ఏ దొరో గానీ మూడు వారాలుగా ఇది విప్పినట్టు లేడు. కాలరు చూడు, అట్టముక్కలా ఉంది.”

“స్నానం చెయ్యమని పైనుంచి ఉత్తర్వులు రాలేదేమోనే,” అన్నాడు భర్త.

నేను కూడా నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

బుధవారం పదకొండు గంటలకు గుర్తులక్క భర్త సైకిలు మీద ఇళ్ళకు మూటలు వేసి వచ్చి, చివరగా మేడమెట్లెక్కి మూడో అంతస్తుది ఇచ్చి దిగాడు. ఆ ఇంటినుంచి ఆ వారం వచ్చినవి రెండు దుప్పట్లే. పావుగంట గడవకముందే మెట్ల మీద పరుగు వినిపించింది. లిఫ్టాయన భార్య చెప్పుల్లేకుండా దిగి వచ్చింది. చేతిలో మడత విప్పిన లేత నీలం చొక్కా.

“అక్కా, ఇది ఎక్కడిది?”

“అదేంటి చెల్లీ, మీదే కదా. గుర్తు ఉంది కదా.”

“మాదే. ఆయన వేసుకుని వెళ్ళింది.”

గుర్తులక్క చొక్కా అందుకుని అంచు తిప్పింది. నిలువు కుట్టు, రెండు చుక్కలు. లిఫ్టాయన భార్య రెండో బొత్తాన్ని చూపించింది. “ఇది ఊడితే ఆ పొద్దున ఆయన ఒంటి మీదుండగానే కుట్టాను అక్కా. నీలం దారం లేక నల్లదారంతో కుట్టాను. అదే ఇది.”

ఇస్త్రీ బల్ల మీద బట్ట కమిలిన వాసన వచ్చింది. ఆయన పెట్టె ఎత్తడం మరిచిపోయాడు. అక్క నెమ్మదిగా పీట మీద కూలబడింది. గుర్తు లేనివి భవనానివి, గుర్తున్నవి ఇళ్ళవి: పన్నెండేళ్ళ అలవాటుతో చేతులు ఆ చొక్కాను ఇంటికి పంపేశాయి. అది ఏ మూటలో వచ్చిందో చేతులకు అక్కర్లేకపోయింది.

“ఆ కాలరు ఇదేనయ్యా,” అన్నది భర్తతో. తరువాత లిఫ్టాయన భార్య వైపు తిరిగి, “నా చేతులు పడిపోను! రుద్ది రుద్ది కడిగేశాను చెల్లీ. ఒక్క మరక మిగల్చలేదు,” అన్నది.

“మరకలంటే… రక్తమా అక్కా?”

“కాదు. ఒట్టు. చెమట, దుమ్ము. చంకల్లో చెమట ఇంకా తడిగానే ఉంది. ముందురోజు దాకా మనిషి ఒంటి మీదున్న చొక్కా అది.”

ఆ పిల్ల అక్కడే నేల మీద కూర్చుని మూడు వారాల ఏడుపూ ఏడ్చింది. ఆ చొక్కాను సిబ్బంది బట్టల మూటలో ఎవరు వేశారో ఈనాటికీ తెలియదు. పొరపాటో, దయో. దయే అయితే ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడో తలుచుకోవడానికి భయమేస్తుంది.

వకీలమ్మ ఒకావిడ ధైర్యం చేసి కోర్టులో అర్జీ వేసింది. చొక్కాను కోర్టుకు అప్పగించారు. భవనం జవాబు తయారుగానే ఉంది: ఆ చొక్కా మనిషి కనబడకుండా పోవడానికి వారం ముందే లాండ్రీకి వచ్చి అక్కడే పడి ఉన్నది. ఇక తేల్చవలసింది ఒక్కటే. ఆ చొక్కా ఏ మూటలోంచి వచ్చింది? చెప్పగలిగిన మనిషి ఒక్కతే. మరుసటి గురువారం పదకొండు గంటలకు రమ్మని గుర్తులక్కకు సమన్లు వచ్చాయి. ఆమె నిజం చెబితే కిందనున్న మనిషిని బయటికి తెమ్మని ఆజ్ఞాపించడానికి జడ్జికి ఒక ఆధారం దొరుకుతుంది. చెప్పకపోతే అర్జీ కొట్టేస్తారు. కొట్టేసిన అర్జీల తాలూకు మనుషులు ఎవరూ తిరిగి వచ్చిన గుర్తు లేదు.

విచారణకు ముందురోజు, బుధవారం సాయంత్రం నాలుగింటికి భవనం వ్యాను వచ్చింది. సోమవారం కాని రోజున అది రావడం అదే మొదలు. దిగినాయనను ఊళ్ళో మెత్తటాయన అనేవారు, ఎన్నడూ గొంతు పెంచి మాట్లాడడని. నేను స్టూలు మీదినుంచి లేచాను.

“మీరు కూర్చోండి మాస్టారూ, పెద్దవారు,” అన్నాడాయన. నేను కూర్చున్నాను. నిలబడి ఉంటే బాగుండేది.

“ఏమ్మా, గిరాకీ బాగానే ఉన్నట్టుందే?”

“మీ దయ బాబూ.”

“రేపు కోర్టులో ఏవేవో అడుగుతారు. మీకెందుకు ఆ కంగారంతా? అన్నీ మేమే రాసి తెచ్చాం. దీని మీద వేలిముద్ర వేసి, రేపు జడ్జిగారికి అందిస్తే అయిపోతుంది.”

“చదువు రానివాళ్ళంటే ఎంత జాలో బాబుగారికి,” అన్నాడు ఇస్త్రీ చేస్తున్న భర్త, తల ఎత్తకుండా.

మెత్తటాయన నవ్వాడు. ఆ నవ్వులో కోపం కూడా లేదు. “మీ ఆయన సరదా మనిషమ్మా. మా దగ్గర తెరలన్నీ నలిగిపోయి ఉన్నాయి. రేపు కోర్టు పని అయ్యేదాకా మాతో ఉండి ఇస్త్రీ చేసి వస్తాడు. పెట్టె అక్కడే ఉంది. ఏమీ తెచ్చుకోనక్కర్లేదు.”

అప్పుడు భర్త పెట్టెను నిలబెట్టి, గోడకు తగిలించిన గళ్ళచొక్కా తీసి బనియను మీద తొడుక్కున్నాడు. బొత్తాలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నాడు. అక్క దగ్గరికి వెళ్ళి అన్నీ విప్పి, పైనుంచి కిందిదాకా మళ్ళీ పెట్టింది. అంత నెమ్మదిగా ఆమె ఏ పనీ చేయగా నేను చూడలేదు.

“ఏమేవ్, ఆ నాలుగు చొక్కాలూ నువ్వు ముట్టుకోకు. కాల్చేస్తావు. వచ్చి నేనే చేసుకుంటా.”

“వచ్చెయ్యి మరి. నువ్వొచ్చేదాకా నేను తినను.”

“అయితే రేపు సన్నబడతావులే, మంచిదే.”

వ్యాను వెళ్ళిపోయాక ఆమె కాగితం నా చేతిలో పెట్టింది. చదివాను. చొక్కా మనిషి కనబడకుండా పోకముందే లాండ్రీకి వచ్చినట్టూ, ‘నా అజాగ్రత్త వలన’ నెలరోజులు దుకాణంలోనే పడి ఉండిపోయినట్టూ, భవనం బట్టలతో దానికి ఎట్టి సంబంధమూ లేనట్టూ ఉంది.

“అజాగ్రత్తా?” అన్నది. “నా దగ్గర చింకి గుడ్డ కూడా రెండు రోజులు మించి పడి ఉండదు మాస్టారూ, మీకు తెలీదా?”

“తెలుసమ్మా.”

“ఏం చెయ్యమంటారు?”

నేను చెప్పిన మాట దాచను. “వేలిముద్ర వెయ్యమ్మా. మీ ఆయన ఇంటికొస్తాడు,” అన్నాను.

“మరి లిఫ్టాయన?”

నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. అంతకంటే నీచమైన జవాబు నేను ఎన్నడూ ఇవ్వలేదు.

లిఫ్టాయన భార్య అప్పటికే మెట్ల మీద నిలబడి ఉంది. అంతా చూసినట్టుంది. “అక్కా, వేసెయ్యి. నేనేమీ అనుకోను,” అన్నది.

“అనుకోవా?”

ఆ పిల్ల ఒక మెట్టు దిగింది. “అనుకుంటాను. చచ్చేదాకా అనుకుంటాను. అయినా వేసెయ్యి అక్కా. నీ మొగుడు నిన్నటిదాకా నా ఇంటికి బట్టలు మోసుకొచ్చిన మనిషి.”

గుర్తులక్క ఆ కాగితాన్ని చొక్కాను మడిచినట్టే నాలుగు మడతలు పెట్టి రొంటిలో దోపుకుంది. ఇస్త్రీ బల్ల మీది నాలుగు చొక్కాలనూ ముట్టుకోలేదు.

మరునాడు కోర్టు హాలు నిండిపోయింది. వచ్చినవారిలో చాలామంది భార్యలూ తల్లులూ. వెనక బెంచీలో మెత్తటాయన కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. జడ్జిగారు జలుబుతో ఉన్న పెద్దమనిషి. ఎవరి మొహమూ చూడకుండా కాగితాలే చూస్తారని పేరు. గుర్తులక్క బోనెక్కి ప్రమాణం చేసింది. ఆ కాగితం మీద వేలిముద్ర ఉందో లేదో మాకెవరికీ తెలియదు. ఆమె బొటనవేలు వైపు చూశాను. సిరా వేసి కడుక్కుందో, అసలు వెయ్యనే లేదో! రోజంతా సబ్బులో నానే వేలు అది, దాన్ని చూసి చెప్పడం నా తరం కాలేదు.

సర్కారు వకీలు లేచాడు. “ఈ చొక్కా నీ దుకాణంలో నెలరోజులు పడి ఉంది. అవునా, కాదా?”

“కాదు బాబూ.”

వెనక బెంచీలో కాలు కిందికి దిగింది.

“ఆలోచించుకుని చెప్పు. నిన్న నీకొక కాగితం ఇచ్చారు.”

“ఇచ్చారు. ఇదిగో. మాస్టారు చదివి వినిపించారు. చక్కగా రాశారు గానీ, అందులో మాట నాది కాదు. అందుకని వేలు పెట్టలేదు.”

వకీలమ్మ అడిగింది. “చొక్కా ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?”

“భవనం మూటలోంచి. సోమవారం, పది దాటాక.”

“ఆగు,” అన్నాడు సర్కారు వకీలు. అతని గొంతులో వేట దొరికిన సంతోషం. “భవనం బట్టలు విడిగా ఉతకాలని నీ ఒప్పందం. విడిగా ఉతికిన చొక్కా పరాయి ఇంటికి ఎలా పోయింది?”

“విడిగా ఉతకలేదు. నీళ్ళు చాలక కలిపేస్తాను. ఆ తప్పు నాదే, రాసుకోండి. కానీ కాలర్లకు సబ్బు పట్టించేది కలపకముందు.”

“రోజుకు రెండు వందల చొక్కాలు ఉతుకుతావు. అందులో ఒక కాలరు గుర్తుంటుందా?”

“మూడు వారాల కాలరు గుర్తుంటుంది.”

“మూడు వారాలని ఎలా తెలుసు? మురికి మీద తేదీ రాసి ఉందా?”

కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. తాను పీట మీద కూర్చుని కొత్త కోడలికి పని నేర్పుతున్నట్టుగా చెప్పింది. “మొదటి వారం మురికి గీతలా ఉంటుంది బాబూ. రెండో వారానికి పట్టీ అవుతుంది. మూడో వారానికి బట్ట బిరుసెక్కి మడత దగ్గర విరుగుతుంది. సబ్బు నాలుగుసార్లు పట్టిస్తే గాని లొంగదు. మీది నిన్నటి చొక్కా. ఇవాళ ముందువైపు మాత్రం ఇస్త్రీ చేయించుకుని వేసుకొచ్చారు.”

ఈసారి హాలంతా నవ్వింది. జడ్జిగారి చెయ్యి తనకు తెలియకుండానే తన కాలరు మీదికి వెళ్ళి, వెంటనే దిగింది.

“సరే, ఆ మురికి ఏదీ? చూపించు!” అని అరిచాడు వకీలు.

“లేదు. కడిగేశాను. కడగడం నా పని. చూపించడానికి లేదు కాబట్టే నోటితో చెబుతున్నాను. ఆదివారం దాకా ఆ చొక్కాలో మనిషి ఉన్నాడు. చంకల్లో చెమట ఆరలేదు. చచ్చినవాడికి చెమట పట్టదు. లిఫ్టాయన ఆ భవనంలో ఉన్నాడు, బతికి ఉన్నాడు.”

నేను అనుకున్నాను, అయిపోయింది, తన మొగుణ్ణి ఈ మాటతో వదులుకుంది అని. ఆమె బోను కొయ్యను రెండు చేతులతో పట్టుకుంది.

“అయ్యా, ఇంకొకటి కూడా రాసుకోండి. నిన్న సాయంత్రం నాలుగింటికి మా ఆయన్ని భవనం వ్యానులో తీసుకెళ్ళారు. తీసుకెళ్ళినాయన అదుగో, వెనక బెంచీలో ఉన్నారు. మా ఆయన ఒంటి మీద బూడిదరంగు బనియను, ఎరుపూ తెలుపూ గళ్ళచొక్కా. చొక్కా అంచులో మూడు నిలువు కుట్లు. ఎడమ భుజం ఒరిగి ఉంటుంది, అది పాతది. కుడి మోచేతి దగ్గర ఇస్త్రీపెట్టె తగిలి కాలిన మచ్చ, అదీ పాతదే. ఒంటి మీద ఇంకే దెబ్బా లేదు. వచ్చేటప్పుడు కొత్తవి ఏమైనా ఉంటే అవి మా ఇంట్లోవి కావు. రేపు ఆయన కూడా అక్కడికి రాలేదంటారు. అందుకని ముందే చెబుతున్నాను.”

టైపు కొడుతున్న గుమాస్తా చేతులు గాలిలో ఆగిపోయాయి. అతను జడ్జిగారి వైపు చూశాడు, జడ్జిగారు కాగితాల వైపు చూశారు. మెత్తటాయన లేచి, చప్పుడు లేకుండా తలుపు దాకా వెళ్ళి, అక్కడ నిలబడి వెనక్కి చూశాడు. జడ్జిగారు రుమాలుతో ముక్కు తుడుచుకుని, ఉద్యోగంలో చేరిన తరువాత మొదటిసారేమో, తలెత్తి సాక్షి మొహం చూశారు.

“ఎందుకు ఆపావు?” అన్నారు గుమాస్తాతో. “టైపు చెయ్యి. మూడు నిలువు కుట్లు.”

ఇద్దరినీ శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి కోర్టు ఎదుట హాజరుపరచాలని ఉత్తర్వు వచ్చింది. శుక్రవారం పొద్దునే లాండ్రీకి తాళం వేసి, లక్క ముద్ర కొట్టి వెళ్ళారు. సర్కారు బట్టలను పరాయి బట్టలతో కలిపిన నేరానికి! ఆమె తన నోటితో ఒప్పుకున్న తప్పు అది, వేరే రుజువు వెతకనక్కర్లేకపోయింది. ఆ రెండు రోజులూ ఆమె ఏమీ తినలేదని లిఫ్టాయన భార్య చెప్పింది.

శనివారం పన్నెండు దాటింది. పన్నెండుంబావు అయింది. కోర్టు మెట్ల మీద మేం పాతికమందిమి ఉన్నాం. పన్నెండున్నరకు వ్యాను గేటులోకి తిరిగింది.

ముందు గళ్ళచొక్కా దిగింది. కింది పెదవి చీరి ఉంది, ఒక కన్ను సగం మూసుకుపోయి ఉంది. అక్క మెట్లు దిగి ఎదురు వెళ్ళింది. ఆయన ఆమెను చూసి, “వాళ్ళ ఇస్త్రీపెట్టె దండగదే, తెరలన్నీ పాడు చేశాను,” అన్నాడు. ఆమె అతని నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన ఆ చెయ్యి తీసేసి మళ్ళీ వ్యాను వైపు తిరిగాడు. లోపలికి రెండు చేతులూ చాచి ఎవరినో పట్టుకుని దించాడు. గడ్డం పెరిగిన ఒక ముసలివాడు దిగాడనుకున్నాను. లిఫ్టాయన భార్య కేక విన్నాక తెలిసింది, ఆయన నలభై నిండనివాడేనని.

జడ్జిగారి ఎదుట ఇద్దరూ పేర్లు చెప్పారు. ఇద్దరినీ ఇళ్ళకు పంపమన్నారాయన. బయటికి వచ్చాక భవనం గుమాస్తా ఒకడు సంతకానికి కాగితం తెచ్చాడు. చదివి పెట్టాను. ఈ మనిషి మతిస్థిమితం లేక తిరుగుతూ ఊరి బయట కనబడ్డాడని, ఆరోగ్యంగా అప్పగించబడ్డాడని ఉంది. లిఫ్టాయన భార్య కలం పట్టుకుని అక్క వైపు చూసింది.

“సంతకం పెట్టు చెల్లీ,” అన్నది గుర్తులక్క. “నీ మనిషి నీ చేతిలో ఉన్నాడు. వాళ్ళేం రాసుకున్నా రాసుకోనీ. జరిగింది నేను అక్కడ చెప్పేశాను, వాళ్ళ టైపు మిషనే కొట్టింది.”

లిఫ్టాయన నడవలేకపోయాడు. ఆటోలో మేడ దాకా తెచ్చాం. అక్కణ్ణుంచి మూడంతస్తుల మెట్లు. మా ఇంట్లోంచి చేతుల కుర్చీ తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టాం. ముందువైపు గుర్తులక్కా ఆమె భర్తా, వెనకవైపు నేనూ లిఫ్టాయన భార్యా పట్టుకున్నాం. రెండో అంతస్తు చేరేసరికి నాకు ఊపిరి అందలేదు. అక్కడ రెండు తలుపులున్నాయి. ఒకటి మూసే ఉంది. లోపల గొళ్ళెం పడిన చప్పుడు కూడా వినిపించింది. రెండోది వేలెడంత తెరుచుకుని, ఆగి, పూర్తిగా తెరుచుకుంది. ఆ ఇంటాయనకూ నాకూ ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. చొక్కా కూడా తొడుక్కోకుండా బయటికి వచ్చి కుర్చీ కాలు పట్టుకున్నాడు.

“మాస్టారూ, మీరు తప్పుకోండి. మీవల్ల కాదు,” అన్నాడు.

నేను తప్పుకోలేదు.